ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదిన ఆరతీ సాహా

మన పల్లెలలో ఒకప్పుడు ఈత అనేది వేరుగా నేర్పించవలసిన విద్య కాదు. చెరువులలోను, పంటకాలువలలోను, దిగుడుబావులలోను నడుములకు బెండ్లు కట్టుకొని, పెద్దల చేతి ఆసరాతో పిల్లలు వేసవి సెలవులలో ఈత నేర్చుకొనేవారు. అయితే చాలా కుటుంబాలలో ఆ అవకాశం మగపిల్లలకే లభించేది. ఆడపిల్లలు గట్టుమీద నిలబడి చూచి ఆనందించవలసినదే. నీటికి ఆడ, మగ అనే భేదం లేకపోయినా, గట్టుకు మాత్రం ఆ భేదం ఉండేది.

అటువంటి కాలంలోనే కలకత్తా నగరంలో తల్లిలేని ఒక చిన్నపిల్ల హుగ్లీ నది రేవులో నీటికి దిగింది. పందొమ్మిదేళ్ళ ప్రాయం వచ్చేసరికి ఆ పిల్ల ఫ్రాన్సు తీరంనుండి ఇంగ్లండు తీరానికి సముద్రాన్ని ఈది, ఆసియా ఖండంలో ఆ కార్యాన్ని సాధించిన మొదటి మహిళగా చరిత్రకెక్కింది. ఆమే ఆరతీ సాహా. ఆమె విజయం జగద్విదితం. ఆ విజయానికి సరిగ్గా ముప్పదిమూడు రోజుల ముందు అదే సముద్రంలో ఆమె పొందిన పరాజయం మాత్రం అంతగా ప్రచారంలో లేదు. విద్యాలయానికి సంబంధించిన ఈ సంచికలో ఆ పరాజయాన్ని కూడ స్మరించడం ఉచితమని నా అభిప్రాయం.

బాల్యం

ఆరతి 1940 సెప్టెంబరు 24వ తేదీన కలకత్తాలో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించింది. తండ్రి పాంచుగోపాల్ సాహా సైనిక సేవలో ఉద్యోగి. ఆరతికి రెండున్నర సంవత్సరాల వయస్సు ఉండగానే తల్లి మరణించింది. అప్పటినుండి ఉత్తర కలకత్తాలోని నాయనమ్మ ఇంటిలో ఆమె పెరిగింది.

ఆరతికి నాలుగేళ్ళు వచ్చిన నాటినుండి పినతండ్రి ఆమెను స్నానానికై చంపాతలా ఘాట్‌కు వెంటబెట్టుకొని వెళ్ళేవాడు. ఆ రేవులోనే ఆమె ఈత నేర్చుకొన్నది. కూతురికి నీటిపట్ల గల మక్కువను గమనించిన తండ్రి ఆమెను హాట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్‌లో చేర్పించాడు. పెద్ద సంపద గాని, క్రీడాకుటుంబమనే పేరు గాని లేని ఒక సామాన్యుడు, ఆడపిల్ల ఈత నేర్చి ఏమి చేయాలి అనే ప్రశ్నకు తావీయక చేసిన ఆ చిన్న పని తరువాతి కథకంతటికీ మూలమైనది.

1946లో, ఐదేళ్ళ వయస్సులో, శైలేంద్ర స్మారక ఈత పోటీలలో 110 గజాల ఫ్రీ స్టైల్ పందెంలో ఆరతి బంగారు పతకం గెలుచుకొన్నది. ఆమెలోని శక్తిని గుర్తించి తీర్చిదిద్దినవారు సచిన్ నాగ్. 1951లో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఫ్రీ స్టైల్ ఈతలో స్వర్ణపతకం సాధించి దేశానికి కీర్తి తెచ్చిన వీరుడాయన. తగిన శిష్యురాలికి తగిన గురువు లభించడం విద్యలోనైనా, క్రీడలోనైనా అదృష్టమే.

తరువాత కొద్ది సంవత్సరాలలో రాష్ట్రస్థాయి పోటీలలో ఆరతి వరుసగా అనేక విజయాలు పొందింది. 1948లో బొంబాయిలో జరిగిన జాతీయ పోటీలలో 100 మీటర్ల ఫ్రీ స్టైల్‌లోను, 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లోను రజత పతకాలు, 200 మీటర్ల ఫ్రీ స్టైల్‌లో కాంస్య పతకం ఆమెకు దక్కాయి. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్ళు మాత్రమే. 1951లో పశ్చిమ బెంగాల్ రాష్ట్ర పోటీలలో 100 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌ను 1 నిమిషం 37.6 సెకన్లలో ముగించి, అంతవరకు డాలీ నజీర్ పేరిట ఉన్న అఖిల భారత రికార్డును అధిగమించింది.

హెల్సింకీలో

1952లో ఫిన్లండు రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. స్వతంత్ర భారతదేశం తరఫున ఒలింపిక్స్‌లో మహిళలు పాల్గొనడం అదే ప్రథమం. వారు నలుగురు. పరుగు పందాలలో నీలిమా ఘోష్, మేరీ డిసౌజా. ఈతలో డాలీ నజీర్, ఆరతీ సాహా. భారత జట్టులో అందరికంటె చిన్నది ఆరతి. ఆమెకు ఇంకా పన్నెండేళ్ళు నిండలేదు. మన పాఠశాలలలో ఆ వయస్సు పిల్లలు ఆరవ తరగతిలోనో, ఏడవ తరగతిలోనో ఉంటారు.

200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లో ఆమె పోటీ చేసింది. ఆ దూరాన్ని ఈదడానికి ఆమెకు 3 నిమిషాల 40 సెకన్లు పైగా పట్టింది. తొలి దశలోనే ఆమె పోటీ ముగిసింది. ఆ పందెంలో స్వర్ణపతకం గెలిచిన హంగేరీ వనిత ఈవా సెకేయ్ అదే దూరాన్ని 2 నిమిషాల 51.7 సెకన్లలో ఈదింది. ఈ రెండు అంకెల నడుమనున్న వ్యత్యాసం ఒక బాలికలోని లోపం కాదు. నదీరేవులలోను, ఉద్యానవనాల చెరువులలోను ఈత నేర్చిన దేశానికి, అన్ని వసతులతో శిక్షణనిచ్చే దేశాలకు గల అంతరమది. ఆరతి దానిని కళ్ళారా చూచి తిరిగి వచ్చింది. పతకం రాలేదు. కాని ఈత మానలేదు. కొలనులోని చిన్న పందాలనుండి దూరపు ఈత వైపు, గంగానదిలో జరిగే సుదీర్ఘమైన పోటీల వైపు ఆమె మనస్సు క్రమంగా మళ్ళింది.

ఇరువది ఒక్క మైళ్ళ సముద్రం

ఆరతి సాధించిన కార్యం ఎంతటిదో తెలియాలంటే ఇంగ్లీషు ఛానెల్ స్వభావాన్ని కొంత తెలుసుకోవాలి. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల నడుమనున్న ఈ సముద్రభాగం అతి సన్నని చోట సుమారు 21 మైళ్ళ వెడల్పు ఉంటుంది. పటంలో చూచినప్పుడు అది ఒక చిన్న పాయవలె కనిపిస్తుంది. కాని ఈతగానికి అది పటం చూపినంత సులభమైనది కాదు.

మొదటి కష్టం చలి. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో సైతం అక్కడి నీటి ఉష్ణోగ్రత 15 నుండి 18 డిగ్రీల సెంటిగ్రేడు మాత్రమే. మన చెరువులలో మే నెలలో ఈదే వారికి ఆ చలి ఊహకందదు. గంటల తరబడి అందులో ఉంటే శరీరం వేడిని కోల్పోయి, చేతులు కాళ్ళు మొద్దుబారి, చివరకు బుద్ధి కూడ మందగిస్తుంది. అందుకే ఈతగాళ్ళు ఒంటికి కొవ్వు దట్టంగా పూసుకొని దిగేవారు.

రెండవది, అన్నింటికంటె కఠినమైనది, సముద్రపు పోటు. సుమారు ఆరు గంటలకొకసారి అక్కడి ప్రవాహం దిశ మార్చుకొంటుంది. ఒకసారి ఈశాన్యంగాను, మరొకసారి నైరుతిగాను ఈతగాడిని పక్కకు నెట్టివేస్తుంది. అందుచేత ఎవరూ తిన్నగా ఈదలేరు. వంకరలు తిరుగుతూ, 21 మైళ్ళ వెడల్పుకు అంతకెన్నో రెట్లు శ్రమపడవలసి ఉంటుంది. ఏ వేళకు బయలుదేరాలో, ఏ వేళకు తీరం చేరువకు రావాలో ముందుగానే గణించుకొంటారు. ఆ గణనలో కొద్దిపాటి తేడా వచ్చినా, గమ్యం కనబడుతూ ఉండగానే అందకుండా పోతుంది.

ఇవిగాక నియమాలు కూడ ఉన్నాయి. ఈతగానికి తోడుగా ఒక నావ వస్తుంది. దారి చూపడం, ఆహారం అందించడం దాని పని. ఆ నావను గాని, అందులోని మనిషిని గాని ఈతగాడు తాకినచో ఈత చెల్లదు. ఎంత అలసినా నీటిలోనే తేలుతూ, అందించిన ఆహారం నీటిలోనే తీసుకోవాలి.

1875 ఆగస్టులో మాథ్యూ వెబ్ అనే ఆంగ్లేయ నౌకాధికారి సుమారు 22 గంటలు ఈది మొట్టమొదటిసారి ఈ జలసంధిని దాటాడు. 1926 ఆగస్టు 6న అమెరికా యువతి గెర్ట్రూడ్ ఎడర్లీ దీనిని దాటిన ప్రథమ మహిళ అయింది. అంతవరకు దాటిన పురుషులందరికంటె తక్కువ కాలంలో, సుమారు పద్నాలుగున్నర గంటలలో, ఆమె ఆవలి తీరం చేరుకొన్నది. స్త్రీ శరీరం ఇటువంటి శ్రమకు తగదన్న వాదం ఆనాటితో నిలువలేకపోయింది. కాని ఆ తరువాత ముప్పది సంవత్సరాలు గడచినా ఆసియా ఖండంనుండి ఒక్క స్త్రీ కూడ ఆ ప్రయత్నంలో సఫలం కాలేదు.

సంకల్పం

1958లో తూర్పు బెంగాల్‌కు చెందిన బ్రజేన్ దాస్ బట్లిన్ అంతర్జాతీయ ఈత పోటీలో పాల్గొని ఇంగ్లీషు ఛానెల్‌ను దాటాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 27న మిహిర్ సేన్ ఆ ఘనత పొందిన ప్రథమ భారతీయుడయ్యాడు. బ్రజేన్ దాస్ విజయవార్త విని ఆరతి అభినందనలు పంపింది. ఆయన ఆమె కూడ ఆ పని చేయగలదని ప్రోత్సహించడమే గాక, మరుసటి సంవత్సరపు పోటీకి ఆమె పేరును నిర్వాహకులకు సూచించాడు. మిహిర్ సేన్ సైతం ప్రోత్సాహమిచ్చాడు. దేశవిభజనతో రెండు రాజ్యాలకు చెందినవారైన ఇద్దరు ఈతగాళ్ళు ఒక యువతిని ముందుకు నడపడం ఈ కథలో మరువరాని విషయం.

సంకల్పం కుదిరినా ధనం కుదరలేదు. విదేశ ప్రయాణం, అక్కడి నివాసం, శిక్షణ, నావ ఖర్చు మధ్యతరగతి కుటుంబం భరించగలిగినవి కావు. హాట్‌ఖోలా క్లబ్‌కు చెందిన డాక్టర్ అరుణ్ గుప్తా ఈ భారాన్ని నెత్తిన వేసుకొని, ఈత ప్రదర్శనలు ఏర్పాటు చేసి విరాళాలు సేకరించారు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ 11,000 రూపాయలు సమకూర్చారు. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ కూడ ఆమె ప్రయత్నంపట్ల ఆసక్తి కనబరచారు.

1959 ఏప్రిల్ 13న దేశబంధు పార్కు చెరువులో వేలాది ప్రజల సమక్షంలో ఆరతి ఏకధాటిగా ఎనిమిది గంటలు ఈదింది. మరికొంత కాలానికి పదహారు గంటలు ఆగకుండా ఈది చూపింది. జులై 24న డాక్టర్ గుప్తాతో కలసి ఇంగ్లండుకు బయలుదేరింది. ఆగస్టు 13నుండి ఛానెల్ నీటిలోనే తుది సాధన ప్రారంభించింది.

ఆగస్టు 27

పోటీ 1959 ఆగస్టు 27వ తేదీన జరిగింది. ఫ్రాన్సులోని కేప్ గ్రీ నే అనే స్థలంనుండి ఇంగ్లండులోని శాండ్‌గేట్‌కు ఈదాలి. బయలుదేరవలసిన సమయం రాత్రి ఒంటి గంట. అనేక దేశాల ఈతగాళ్ళు చీకటిలో సముద్రతీరాన సిద్ధంగా నిలబడ్డారు. సమయమయింది. కాని ఆరతికి తోడు రావలసిన నావ రాలేదు. నావ లేనిదే నీటిలోకి దిగరాదు. తక్కినవారు వెళ్ళిపోయారు. ఆమె ఒడ్డున నిలిచిపోయింది. నావ వచ్చేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైనది.

మన నిత్యజీవితంలో నలభై నిమిషాలు గొప్ప కాలం కాదు. బస్సుకొరకు అంతకంటె ఎక్కువసేపు వేచియుంటాము. ఛానెల్‌లో మాత్రం ఆ నలభై నిమిషాలు ఒక పోటుకు, మరొక పోటుకు నడుమనుండే అనుకూలతను హరించివేశాయి. అయినా ఆరతి దిగింది. రాత్రంతా ఈదింది. ఉదయం పదకొండు గంటల వేళకు ఇంగ్లండు తీరానికి ఐదు మైళ్ళ దూరంలోకి వచ్చింది. అప్పుడు ప్రవాహం ఎదురు తిరిగింది. ఆ తరువాత ఐదు గంటలు పోరాడినా ఆమె ముందుకు సాగినది సుమారు రెండు మైళ్ళు. తీరం ఎదురుగా ఉన్నది. ఇంకా ఈదుతానని ఆమె పట్టుదల. కాని నావలోనివారు ప్రమాదాన్ని గ్రహించి ఒత్తిడి చేయగా, సాయంకాలం నాలుగు గంటల ప్రాంతంలో ఆమె విరమించుకోవలసి వచ్చింది.

ఒక్కసారి ఆ యువతి స్థితిని ఊహించండి. పందొమ్మిదేళ్ళు ఇంకా నిండలేదు. మాతృదేశానికి వేల మైళ్ళ దూరంలో ఉన్నది. ఎందరో ఇచ్చిన విరాళాలతో, ముఖ్యమంత్రి సమకూర్చిన ధనంతో వచ్చింది. ఓటమికి కారణం తన చేతిలో లేనిది. నావ వేళకు రాలేదని చెప్పి తిరిగి వచ్చి ఉంటే ఆమెను తప్పుపట్టేవారెవ్వరూ ఉండరు. ఆ మాట నిజం కూడ. కాని నిజమైన కారణం చేతిలో ఉన్నంతమాత్రాన ఆమె దానితో తృప్తిపడలేదు. మరొకసారి ప్రయత్నించిగాని ఇంటిముఖం చూడరాదని నిశ్చయించుకొన్నది. మొదటి ఈత అలసట శరీరంనుండి పూర్తిగా తీరకముందే తిరిగి సాధన మొదలుపెట్టింది.

సెప్టెంబరు 29

సెప్టెంబరు నెలాఖరు వచ్చింది. ఆ సముద్రంలో ఈతకు అనువైన ఋతువు ముగింపుకు వస్తున్న సమయమది. అప్పుడు తప్పితే మళ్ళీ ఏడాది ఆగవలసిందే. తన పుట్టినరోజు గడచిన ఐదవనాడు, 1959 సెప్టెంబరు 29న, ఆరతి మరల కేప్ గ్రీ నే వద్ద నీటిలోకి దిగింది. ఈసారి జనసందోహం లేదు, పోటీదారులు లేరు. ఒక యువతి, ఒక సముద్రం, తోడుగా ఒక నావ.

ఆమె 16 గంటల 20 నిమిషాలు ఈదింది. పోటు నెట్టిన పక్కకల్లా పోతూ, తిరిగి దారికి వస్తూ ఆమె ఈదిన దూరం 42 మైళ్ళని లెక్కించారు. అంటే ఛానెల్ వెడల్పుకు రెట్టింపు. కలకత్తా చెరువులో పదహారు గంటలు ఈదిన నాటి సాధన ఎంత అవసరమైనదో ఈ అంకె చెప్పుతున్నది. శాండ్‌గేట్ వద్ద ఒడ్డుకు చేరి ఆమె భారత త్రివర్ణ పతాకాన్ని ఎగురవేసింది. ఆనాడు ఇంగ్లండులో భారత హైకమిషనరుగా ఉన్న శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ మొట్టమొదట ఆమెను అభినందించారు. స్వదేశంలో ఆ వార్త పండుగను తెచ్చింది.

1960లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ పురస్కారం ప్రసాదించింది. క్రీడారంగంలో ఆ గౌరవం పొందిన ప్రథమ భారతీయ మహిళ ఆరతీ సాహాయే.

తరువాతి జీవితం

తన ప్రయత్నానికి వెన్నెముకగా నిలిచిన డాక్టర్ అరుణ్ గుప్తానే ఆరతి వివాహమాడింది. వారికొక కుమార్తె. ఆమె బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగం చేసింది. ఈ రైల్వే పేరు వినగానే మన పాఠకులలో ఎందరికో తమ ఇంటి జ్ఞాపకాలు మెదలుతాయి. వాల్తేరునుండి బరంపురం, ఖుర్దారోడ్డు మీదుగా ఖరగ్‌పూర్ వరకు ఆ రైలుమార్గం వెంట ఉద్యోగాలకై వెళ్ళి, అక్కడనే స్థిరపడి, తెలుగు బడులు నెలకొల్పుకొన్న కుటుంబాలు వేలకొలది. తరువాత ఆగ్నేయ రైల్వేగా పేరు మారినా, మన పెద్దలు దానిని చాలాకాలం బి.ఎన్.ఆర్. అనే వ్యవహరించారు. ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదిన మహిళ మన తాతలు, తండ్రులు జీతం తీసుకొన్న సంస్థలోనే జీతం తీసుకొన్నదని తెలిసినప్పుడు, ఆమె మనకు ఒకింత చేరువైనట్లు తోచుతుంది.

1994 ఆగస్టులో కామెర్ల వ్యాధితో ఆమె కలకత్తాలో ఆసుపత్రి పాలయింది. పందొమ్మిది రోజులు మృత్యువుతో పోరాడి, ఆగస్టు 23వ తేదీన కన్నుమూసింది. అప్పటికి ఆమె వయస్సు యాభైమూడు సంవత్సరాలు. 1999లో భారత తపాలా శాఖ ఆమె స్మృతిచిహ్నంగా ఒక తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఆమె చూపిన దారిలో బెంగాల్‌కే చెందిన బులా చౌధురితో సహా ఎందరో భారతీయ మహిళలు ఛానెల్‌ను ఈదారు. నేడు అది ఆడపిల్లకు తగని పని అని ఎవరైనా అంటే వినేవారు లేరు.

మనకు మిగిలినది

డెబ్బదియైదు సంవత్సరాలు పూర్తి చేసుకొన్న విద్యాలయం తన సంచికలో సహజంగా ప్రథమస్థానాలు పొందినవారి పేర్లను గర్వంగా ముద్రించుకొంటుంది. అది న్యాయమే. కాని ప్రతి పాఠశాల చరిత్రలోను అచ్చుకెక్కని మరొక జాబితా ఉంటుంది. మార్చిలో తప్పి సెప్టెంబరు పరీక్షలో ఉత్తీర్ణులై, తరువాత జీవితంలో స్థిరపడి, తమ పిల్లలను అదే బడిలో చేర్చినవారి జాబితా అది. పూర్వ విద్యార్థులలో అటువంటివారు ఈ పుటలు చదువుతూ ఉంటే, ఆరతీ సాహా కూడ సెప్టెంబరులోనే ఉత్తీర్ణురాలయిందని గుర్తుంచుకొందురు గాక.

తల్లిదండ్రులకు ఆమె బాల్యం ఒక పాఠం. తల్లిలేని పిల్లను ఇంటిలో దాచిపెట్టక రేవుకు తీసుకొని వెళ్ళిన పినతండ్రి, ఆమె మక్కువను గమనించి క్లబ్‌లో చేర్చిన తండ్రి, ఇద్దరూ ప్రసిద్ధులు కారు. వారు చేసినది పిల్ల దేనిని ప్రేమిస్తున్నదో గమనించడం, అడ్డుపడకపోవడం మాత్రమే. ఉపాధ్యాయులకు సచిన్ నాగ్ జీవితం ఒక ఆదర్శం. తాను గెలిచిన పతకంతో ఆగక, తన విద్యను ఒక చిన్నారి చేతులలోకి అందించాడాయన.

ఇక విద్యార్థినీ విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. మీ ప్రమేయం లేకుండానే ఏదో ఒకనాడు మీ నావ నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అది మీ తప్పు కాదు. ఆ సాయంకాలం మీరు ఓడి ఒడ్డుకు చేరినప్పుడు, ఫ్రాన్సు తీరానికి తిరిగి వెళ్ళి మళ్ళీ నీటిలోకి దిగిన ఒక కలకత్తా పిల్లను జ్ఞప్తికి తెచ్చుకొనండి. ముప్పదిమూడు రోజులు గొప్ప వ్యవధి ఏమీ కాదు.